గన్నవరం అక్విడెక్టు: మా ఏటి వంతెన గురించి అందరూ అడిగే ప్రశ్నలు

కోనసీమ చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఊరు వదిలి చాలా ఏళ్ళకు తిరిగొచ్చినవాళ్ళు, రోజూ దీని మీదుగా బడికి వెళ్ళే పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా ఉన్న విషయం ఒక్కటే. వైనతేయ అనే ఈ ఏటి మీద మొదటి వంతెన కట్టింది మనుషుల కోసం కాదు, నీళ్ళ కోసం. ఆ సంగతి తెలిస్తే దాని చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

ఏ గన్నవరం ఇది? విమానాశ్రయం ఉన్నదేనా?

కాదు. విమానాశ్రయం ఉన్నది విజయవాడ దగ్గరి గన్నవరం. మాది పి.గన్నవరం, డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లాలో వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా, రాజమండ్రి వైపు నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా రావచ్చు. ఈ మండలంలోనే లంకల గన్నవరం అని ఇంకో ఊరుంది. డొక్కా సీతమ్మ గారి ఊరు అదే. ఆమె గురించి కింద వివరంగా రాశాం.

వైనతేయ అంటే గోదావరేనా, వేరే నదా?

గోదావరే. ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుగా పోయేది గౌతమి, పడమరగా పోయేది వసిష్ఠ. ఈ రెండు పాయల నడుమ ఉన్న నేలే కోనసీమ. వసిష్ఠ మళ్ళీ చీలి ఒక పాయ కోనసీమ మధ్యలోంచి సముద్రానికి పోతుంది. అదే వైనతేయ.

సప్త గోదావరులు అని మనవాళ్ళు చెప్పుకునే ఏడు పాయల్లో ఇది లేదు. వైనతేయుడు వసిష్ఠ పాయలోంచి కొంత నీటిని తనవైపు మళ్ళించుకుపోతే ఈ పాయ ఏర్పడిందని కథ. కథ ఎలా ఉన్నా, ఇది కోనసీమను రెండు ముక్కలు చేసిన మాట నిజం. తూర్పు ముక్కలో అమలాపురం, అంబాజీపేట, కొత్తపేట ఉన్నాయి. పడమటి ముక్కలో రాజోలు, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి ఉన్నాయి. ఆ పడమటి ముక్కకు రెండు వైపులా ఏరు, మూడో వైపు సముద్రం. పాత రికార్డుల్లో దాన్ని నగరం దీవి అని రాసేవారు. 2009 ఎన్నికలకు ముందు దాకా ఇక్కడి అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా నగరమే. తర్వాత అది పి.గన్నవరం అయింది.

అక్విడెక్టు అంటే వంతెనా, కాలువా?

రెండూనూ. కింద ఏరు పారుతుంది, ఏటి మీద కట్టిన తొట్టిలో కాలువ పారుతుంది. ఒక నీటి మీద నుంచి ఇంకో నీరు దాటుతుందన్నమాట. మొదటిసారి చూసేవాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. వరద రోజుల్లో అయితే మరీను. కింద ఎర్రనీరు ఉరుకుతూ ఉంటుంది, పైన కాలువ తన దారిన తాను నెమ్మదిగా పోతుంటుంది.

ఏరు పక్కనే ఉంది కదా, అవతలి ఊళ్ళవాళ్ళు అందులోని నీళ్ళే వాడుకోవచ్చుగా?

మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా. ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి దీని జవాబు తెలియదు.

మొదటి సంగతి మట్టం. వరద లేనప్పుడు ఏటి నీరు పొలాలకంటే పల్లంలో ఉంటుంది. ఇప్పుడైతే మోటారు పెట్టి తోడుకుంటాం. అప్పట్లో ఏతంతో ఒక మడి తడపొచ్చునేమో గానీ దీవి మొత్తం తడపడం అయ్యే పని కాదు. నీరు దానంతట అది పొలంలోకి రావాలంటే, పొలంకంటే ఎత్తున్న చోట దాన్ని పట్టుకోవాలి. అందుకే ఎక్కడో ఎగువన ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీటిమట్టం పెంచారు. ఆ ఎత్తు పోకుండా కాలువల్లో దించుకుంటూ తెచ్చారు. డెల్టా నేల స్వభావం కూడా దీనికి కలిసొచ్చింది. ఏరు ఏటేటా వరదల్లో ఒండ్రును ఒడ్డునే ఎక్కువగా వదులుతుంది కాబట్టి ఏటి పక్క నేల ఎత్తుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ పల్లమవుతుంది. ఆ ఎత్తు మీదుగా కాలువ తవ్వితే నీరు దానంతట అదే పొలాల్లోకి జారుతుంది.

రెండోది ఉప్పు. సముద్రం పోటు పెట్టినప్పుడు ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. ఎండాకాలంలో పైనుంచి మంచినీరు తగ్గేసరికి ఇంకా లోపలికి వస్తుంది. ఆ నీరు వరికి పనికిరాదు, తాగడానికీ పనికిరాదు.

కాబట్టి మంచినీరు ధవళేశ్వరం నుంచే రావాలి. మధ్య డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలై, ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల (కాలువ నీటిమట్టం మార్చే తలుపుల) దగ్గర చీలుతుంది. ఆ చీలికల్లో గన్నవరం కాలువ ఒకటి. అది నేరుగా వచ్చి వైనతేయ ఒడ్డుకు చేరుతుంది. అవతల దీవి నిండా పొలాలున్నాయి, మధ్యలో ఏరు అడ్డం. కాలువను ఏట్లోకి వదిలితే ఇంతదూరం కాపాడుకొచ్చిన ఎత్తంతా పోతుంది, మంచినీరు ఉప్పునీటిలో కలిసిపోతుంది. మిగిలిన దారి ఒక్కటే. కాలువను ఏటి మీదుగా దాటించాలి.

ఏటి అడుగున గొట్టాలో సొరంగమో వేసి దాటించవచ్చుగా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. చిన్న కాలువల దగ్గర అలాంటి కట్టడాలు ఉన్నాయి. కానీ ఇంత వెడల్పున్న ఏటి ఇసుక కింద, 170 ఏళ్ళ నాటి పనిముట్లతో అలాంటిది కట్టడం ఎంత కష్టమో ఊహించండి. కట్టినా మట్టి పూడుకుపోతే తీయడం ఇంకా కష్టం.

ఎవరు కట్టారు? కాటన్ దొరేనా?

కాటన్ ప్రణాళికలో భాగమే. దగ్గరుండి కట్టించింది మాత్రం ఆయన కింద పనిచేసిన హేగ్ అనే యువ ఇంజనీరు. అప్పటికి ఆయన లెఫ్టినెంట్ హోదాలో ఉన్నాడు. ఆ తర్వాత దుమ్ముగూడెం వైపు ఎగువ గోదావరిలో పడవలు నడిపే పథకం మీద చాలా ఏళ్ళు పనిచేశాడు.

ఆ రోజులెలాంటివో కొంచెం చెప్పాలి. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసింది. 1839లో కోరంగి మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. పక్కనే అంత పెద్ద నది పారుతున్నా జనం తిండి లేక చచ్చిపోయిన కాలమది. జిల్లా పరిస్థితి చూడమని పంపిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ, సాగునీటి పనులు చేపట్టాలని 1844లో సిఫారసు చేశాడు. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ డెల్టా అంతా తిరిగి నివేదికలు రాశాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. మా అక్విడెక్టు కట్టింది కూడా ఆ పనుల్లో భాగంగానే, ఆనకట్ట పూర్తవుతున్న ఆ 1850ల తొలి సంవత్సరాల్లోనే. అంటే నది దగ్గర నీటిని పట్టుకునే పని ఒక కొలిక్కి వచ్చే వేళకే, ఆ నీటిని చిట్టచివరి దీవికి చేర్చే పనికీ నడుం కట్టారు. నాకు ఈ కట్టడంలో అన్నిటికన్నా నచ్చే విషయం అదే. చివరి పొలాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నారు.

కోనసీమలో కాటన్ విగ్రహం లేని ఊళ్ళు తక్కువ. గోదావరి స్నానం చేసి ఆయన పేరు తలచుకుని నీళ్ళు వదిలేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. ఆనకట్ట పనికి వేలమంది కూలీలను కూర్చి, కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న గారిని కూడా ఇప్పుడిప్పుడే గుర్తు చేసుకుంటున్నారు. హేగ్ పేరు మాత్రం కాలువల శాఖ వాళ్ళకు తప్ప పెద్దగా తెలియదు. ఇటుక మోసినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు, ఏట్లో దిగి ఇసుక తోడినవాళ్ళు ఎవరో ఏ కాగితంలోనూ లేదు. వాళ్ళు మా ముత్తాతల నాటివాళ్ళు, ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అయ్యుంటారు. పాత అక్విడెక్టు దగ్గర ఒక రాయి నాటి, ఈ కట్టడం వాళ్ళదని రెండు ముక్కలు చెక్కించాలని మా కోరిక.

అన్ని ఆర్చీలెందుకు? ఇసుకలో ఎలా నిలబడ్డాయి?

పాతదానికి 49 ఆర్చీలు. ఒక్కొక్కదాని వెడల్పు 40 అడుగులు. ఆ ఖాళీలు కలిపితేనే 1,960 అడుగులు. మధ్యలో ఉన్న స్తంభాలు కూడా కలుపుకుంటే 2,000 అడుగులు దాటుతుంది.

ఆ రోజుల్లో ఇక్కడ ఉక్కు దూలాలూ లేవు, కాంక్రీటూ లేదు. ఉన్నవి ఇటుక, రాయి, గానుగలో నూరిన సున్నం. ఈ సరుకు మీద బరువు వేస్తే ఎంతైనా మోస్తుంది గానీ, సాగదీస్తే పగులుతుంది. అడ్డంగా పలక వేసి దాని మీద కాలువ నింపితే నడిమికి విరిగిపోతుంది. ఆర్చీ అయితే పైన పడిన బరువును రెండు పక్కలకూ నెట్టి స్తంభాల్లోకి దించుతుంది. ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కుతూ ఉంటుంది తప్ప, ఏదీ ఏదాన్నీ లాగదు. అందుకే అంత నీటిబరువును ఒకటిన్నర శతాబ్దం మోయగలిగింది.

ఇక పునాది. డెల్టాలో ఎంత తవ్వినా ఇసుక, ఒండ్రు తప్ప రాయి తగలదు. ఇలాంటి చోట్ల గుండ్రటి ఇటుక బావులు కట్టి, లోపలి ఇసుకను తోడుతూ వాటిని కిందికి దించి, నింపి, వాటి మీద స్తంభాలు లేపుతారు. ఇసుకలో నిలబడే పునాదుల గురించి కావేరి దగ్గర మన పాత కట్టడాలను చూసే నేర్చుకున్నామని కాటన్ స్వయంగా ఒప్పుకున్నాడు. పై నుంచి వచ్చిన చదువూ, ఈ నేలలో పుట్టిన చదువూ రెండూ కలిస్తేనే డెల్టా పనులు నిలబడ్డాయి.

అంతకుముందు జనం ఏరు ఎలా దాటేవారు?

పడవ, లేదా బల్లకట్టు. ప్రతి ఊరికీ ఒక రేవు ఉండేది. పెళ్ళివారు దాటినా, పశువులు దాటినా, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్ల దాటినా ఆ రేవులోనే. వరదొస్తే దాటడం బంద్. అవతల ఒడ్డున చుట్టం పోయినా దినాల నాటికి గానీ చేరలేకపోయిన ఇళ్ళు ఉన్నాయని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

నీళ్ళలోంచి దాటడం ఇక్కడివాళ్ళకు భయం కాదు, అలవాటు. దాన్ని ఈనాటికీ చూడాలంటే కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రండి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను (దేవుణ్ణి ఉంచి ఊరేగించే ఎత్తైన వెదురు చట్రాలను) ఎగువ కౌశిక కాలువలో దింపి, పీకల్లోతు నీళ్ళలో భుజాల మీద మోసుకుంటూ దాటిస్తారు. వంతెన మీదుగా తీసుకెళ్ళొచ్చుగా అని ఎవరూ అనరు. అనకూడదు కూడా.

కాలువ అవతలికి వెళ్ళాక ఆ ఒడ్డున ఏం మారింది?

అవతలి ఒడ్డు అప్పటికే జనం ఉన్న నేలే. మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయంటే, అక్కడ రెండు వేల ఏళ్ళ కిందటే మనుషులు స్థిరపడ్డారన్నమాట. కానీ పంట వానను నమ్ముకునేది. కాలువ దాటాక సార్వా (వానాకాలపు) వరికి భరోసా వచ్చింది, తర్వాతి కాలంలో దాళ్వాకు (రెండో పంటకు) కూడా. మెరకల్లో కొబ్బరి తోటలు పెరిగాయి. మంచినీటి చెరువులు కాలువ నీటితో నిండాయి. నా దృష్టిలో పంటకంటే కూడా ఈ చివరిది పెద్ద మార్పు. ఉప్పు ఊటల ఊళ్ళో తీపినీరు తాగగలగడం ఎంత భాగ్యమో, సఖినేటిపల్లి, మలికిపురం వైపు తీరం వెంట ఉన్నవాళ్ళను అడగండి.

రోడ్లు సరిగా లేని రోజుల్లో డెల్టాకు కాలువే రోడ్డు. ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్ళివారు, ఉత్తరాలు అన్నీ పడవల్లోనే. లాకుల దగ్గర పడవలు వరస కట్టి, మట్టం మారేదాకా ఆగి పోయేవి. రాజమండ్రి చదువులకు కాలువ మీద పడవెక్కి వెళ్ళిన తరం మొన్నమొన్నటి దాకా ఉంది.

అయితే కాలువ వచ్చినంత మాత్రాన అన్నీ తీరిపోలేదు. నీరు రావడం ఎంత ముఖ్యమో, పోవడం అంత ముఖ్యం. మురుగు కాలువలు పూడుకుపోయి, చేలల్లో నీరు నిలిచిపోయి, పెట్టుబడి తిరిగిరాక, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. అన్నపూర్ణ లాంటి నేలలో రైతు నాగలి పక్కన పెట్టాడంటే ఎంత విసిగిపోయి ఉండాలి! కాలువల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా మురుగు కాలువల మీద పెట్టాలని ఇక్కడ అందరూ అనే మాట. మేమూ అదే అంటాం.

వరదలొస్తే అక్విడెక్టుకు ప్రమాదం లేదా?

వరద రోజుల్లో ఇక్కడ అందరికీ టెన్షనే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలు కోనసీమ పిల్లలకు ఎక్కాలతో పాటు వస్తాయి. అక్కడ వదిలిన నీరు కొన్ని గంటల్లో మా దగ్గరికొస్తుంది. అప్పుడు జనం అక్విడెక్టు దగ్గరికి వచ్చి స్తంభాల మీద నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందో చూస్తారు. టీవీలో చెప్పేదానికన్నా ఆ గీత మీదే మాకు నమ్మకం.

1986 ఆగస్టు వరద ఇక్కడివాళ్ళకు గుండెల్లో ముద్ర. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఏటిగట్లు తెగి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. 1953 వరద గురించి దాని ముందటి తరం ఇలాగే చెప్పేది. 2006 ఆగస్టులో మొండెపులంక, శానపల్లిలంక దగ్గర గట్లకు గండ్లు పడ్డాయి. 2022 జులైలో, మామూలుగా ఇంత పెద్ద వరదలు రాని నెలలో, దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఇన్నిటినీ తట్టుకుని పాత ఆర్చీలు నిలబడ్డాయి.

కట్టడానికి అసలు శత్రువు నీటి ఎత్తు కాదు, వడి. వడిగా పోయే నీరు స్తంభాల మొదట్లో సుడులు తిరిగి ఇసుకను కోసేస్తుంది. చుట్టుపక్కల ఏట్లో ఇసుకను ఇష్టం వచ్చినట్టు తవ్వేస్తే ఆ కోతకు మనమే దారి చూపినట్టవుతుంది. వంతెనల దగ్గర ఇసుక తవ్వకూడదనే నిబంధన ఊరికే పెట్టింది కాదు. ఎవరైనా తవ్వుతుంటే చూసి ఊరుకోకండి.

మరి కొత్త అక్విడెక్టు ఎందుకు కట్టారు?

పాతదానికి వయసు మీద పడింది. పైగా అది ఎడ్లబండ్ల కాలం నాటి కట్టడం. బస్సులూ లారీలూ దాటాల్సిన రోజులొచ్చాయి. అందుకని పక్కనే కొత్తది కట్టి 2000లో ప్రారంభించారు. ఇప్పుడు కాలువా అందులోనే, వాహనాలూ దాని మీదే. దానికి డొక్కా సీతమ్మ అక్విడెక్టు అని పేరు పెట్టారు. మంత్రుల పేర్లో ముఖ్యమంత్రుల పేర్లో పెట్టడం మామూలైన చోట, ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టిన ఒక గృహిణి పేరు పెట్టడం చాలా గొప్ప పని. ఆ నిర్ణయం ఎవరిదైనా వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి.

డొక్కా సీతమ్మ గారు ఎవరు?

1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి ఈ ఊరు వచ్చారు. 1909లో కన్నుమూశారు. జోగన్న గారు వ్యవసాయం ఉన్న గృహస్థు. లంకల గన్నవరం ఏరు దాటి వచ్చేపోయేవాళ్ళ దారిలో ఉంది. ఏరు దాటేసరికి పొద్దు పోయినవాళ్ళు, అంతర్వేది తీర్థానికి నడిచి వెళ్ళేవాళ్ళు, వరదలో ఇల్లు మునిగినవాళ్ళు వాళ్ళింటి గుమ్మం ముందుకు వచ్చేవారు. ఏ వేళ వచ్చినా, ఏ కులంవాళ్ళు వచ్చినా, అన్నం వండి పెట్టడమే ఆమె వ్రతం. ఆ రోజుల్లో కులం అడక్కుండా అన్నం పెట్టడం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

ఒకసారి ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఆకలితో నకనకలాడుతున్న పెళ్ళివారి గుంపు ఒకటి ఎదురైంది. ఇంకొంచెం ఓపిక పడితే సీతమ్మ గారింటికి చేరతాం, అక్కడ అన్నం దొరుకుతుంది అని వాళ్ళు పిల్లల్ని ఊరడించడం ఆమె చెవిన పడింది. తన పేరు చెప్పకుండా, తీర్థయాత్ర అక్కడే మానుకుని, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెప్పే కథ ఇది.

ఆమె పేరు ఇంగ్లండు దాకా వెళ్ళిందని, ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకు ఆహ్వానం వచ్చినా, తాను వెళ్తే ఇక్కడ అన్నం ఎవరు పెడతారని వెళ్ళలేదని కూడా చెప్పుకుంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. వరి పండించే నీళ్ళను మోసే వంతెనకూ, బడిపిల్లల కంచంలో అన్నానికీ ఒకే పేరు ఉంది ఇప్పుడు.

పాతదాన్ని కూల్చేస్తే ఏమవుతుంది? దానితో ఇక పనేముంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మీద మాకు కోపం లేదు గానీ, జవాబు మాత్రం గట్టిగానే చెబుతాం. కూల్చకూడదు. రాజమండ్రిలో 1900లో ప్రారంభమైన హేవలాక్ రైలు వంతెన మీద 1997 తర్వాత రైళ్ళు ఆగిపోయాయి, అయినా అది నిలబడే ఉంది. దాన్ని చూడ్డానికే వచ్చేవాళ్ళున్నారు. మా అక్విడెక్టు దానికంటే దాదాపు అర్ధశతాబ్దం పెద్దది. ఆర్చీల సందుల్లో మొలిచే రావి, మర్రి మొక్కలను ఏడాదికోసారైనా వేళ్ళతో సహా తీసేయాలి. రావి వేరు ఒక్కటి చాలు, వరద చేయలేని పని అది చేసేస్తుంది. ఊడిన చోట సిమెంటు పులమకుండా పాత పద్ధతిలో సున్నంతోనే పూయాలి. సిమెంటు బిగుసుకుపోయి పాత ఇటుకలోని తేమను బయటికి పోనివ్వదు, ఇటుక లోపలే కుళ్ళుతుంది.

కాలువలో ఏడాది పొడవునా నీళ్ళుంటాయా?

ఉండవు. దాళ్వా అయ్యాక, ఏప్రిల్ తర్వాత కాలువలు కట్టేస్తారు. పూడికలు, లాకుల మరమ్మతులు అప్పుడే. కట్టేసే ముందే మంచినీటి చెరువులు నింపుకోవాలి. మళ్ళీ జూన్‌లో వదులుతారు. అక్విడెక్టు తొట్టిని ఖాళీగా చూడాలంటే మే నెలలో రండి.

కోనసీమలో మిగతా వంతెనల సంగతేంటి?

చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద గౌతమికి జొన్నాడ-రావులపాలెం వంతెన, వసిష్ఠకు సిద్ధాంతం వంతెన ఉన్నాయి. కోనసీమ ఎగువ భాగం వీటితోనే బయటి ప్రపంచానికి కలిసింది. దిగువన బోడసకుర్రు-పాశర్లపూడి మధ్య వైనతేయ మీద, దిండి-చించినాడ మధ్య వసిష్ఠ మీద వంతెనలొచ్చాక అమలాపురం నుంచి రాజోలు, పాలకొల్లు దాకా ఏరు అడ్డం లేకుండా పోయింది. యానాం-ఎదుర్లంక మధ్య గౌతమి మీద 2000ల తొలి ఏళ్ళలో వచ్చిన వంతెనకు, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లోక్‌సభ స్పీకర్, అమలాపురం ఎంపీ జి.ఎం.సి.బాలయోగి గారి పేరు పెట్టారు.

రైలు వంతెనలు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. కోటిపల్లి-నరసాపురం రైలుమార్గం 2000-01లో మంజూరైంది. మూడు పాయల మీదా స్తంభాలు లేచాయి. కాకినాడ-కోటిపల్లి లైను 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేసి, 2004లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ లెక్కన మాకు ఓపిక కొత్తేమీ కాదు. అయినా ఒక తరం పుట్టి పెద్దదైపోయింది, ఇంకా ఆలస్యం న్యాయం కాదు.

వంతెన లేని ఊళ్ళు ఇంకా ఉన్నాయా?

మా మండలంలోనే, ఏటి నడుమ ఉన్న లంకల్లో ఉన్నాయి. బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, జి.పెదపూడి లంక వాళ్ళు ప్రతి వరదకూ పడవలే దిక్కుగా బతికారు. ఏట్లో వేసుకునే మట్టి బాట మొదటి వరదకే కొట్టుకుపోతుంది. బడికి పోయే పిల్లలు, డయాలసిస్‌కు పోయే ముసలివాళ్ళు, కూరగాయలు అమ్ముకునే రైతులు అందరూ ఒకే పడవలో. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీదికీ ఏటా నీరు ఎక్కుతుంది. 170 ఏళ్ళ కిందట నీళ్ళ కోసం 49 ఆర్చీలు లేపగలిగిన చోట, మనుషుల కోసం ఇన్నాళ్ళు పట్టడం మాకు బాధగానే ఉంటుంది. లంకల వంతెనల పనులు ఆగకుండా సాగేలా ప్రతి నాయకుడినీ, ఏ పార్టీ అయినా సరే, అడుగుతూనే ఉండాలి.

చూడ్డానికి ఎప్పుడొస్తే బాగుంటుంది?

సంక్రాంతి ముందూ వెనకా. కాలువ నిండా నీరు ఉంటుంది, ఏరు నెమ్మదిగా ఉంటుంది, చలి ఎక్కువుండదు. కనుమ నాటి ప్రభలు కూడా చూడొచ్చు. ఆ చుట్టుపక్కలే అప్పనపల్లి బాలబాలాజీ గుడి, ఆదుర్రు స్తూపం, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ఉన్నాయి. వంతెన మీద బండి ఆపి ఫొటోలు తీయకండి. రోడ్డు ఇరుకు, బస్సులు తిరుగుతుంటాయి. గట్టు మీదికి దిగి చూస్తే పాత ఆర్చీలు మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తాయి. కాలువ తొట్టి గోడల మీదకు పిల్లల్ని ఎక్కనివ్వకండి.

అక్కడి నుంచి అంతర్వేది, నరసాపురం ఎలా వెళ్ళాలి?

అక్విడెక్టు దాటి, రాజోలు, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి వెళ్తే అంతర్వేది దగ్గరే. నరసాపురం వెళ్ళేవాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కొచ్చు. అక్కడ వసిష్ఠ మీద వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో పంటు నడపరు కాబట్టి, అప్పుడు దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్ళండి.